శూలమ్మ కాళ్ళు తడిసిన చోటు

మా అత్తగారి ఊరికి దక్షిణాన ఇసక దిబ్బ మీద ఒక రాయి ఉంది. నడుమెత్తు నల్లరాయి, నాలుగు పలకలుగా చెక్కింది. దాని నెత్తిన మూడు గీతలు వచ్చి ఒకచోట కలుస్తాయి. దొరల కాలంలో గొలుసులు పట్టుకుని నేల కొలిచినవాళ్ళు తమ గుర్తుగా చెక్కిన గీతలవి. నెల్లూరు జిల్లా ఇంతటితో సరి, అవతలిది ఇంకో జిల్లా అని చెప్పడానికి ఆ రాయి నాటారు. ఆ సంగతి మా వాళ్ళకు విడమరిచి చెప్పిన మహానుభావుడెవడూ లేడు. మూడు గీతలు కనబడ్డాయి, త్రిశూలం అన్నారు. పసుపు పూశారు, బొట్టు పెట్టారు, శూలమ్మ అని పేరు పెట్టి మొక్కారు. మూడు గీతలున్న రాయికి కోడిని కోసే ఊరు లోకంలో ఇంకోటి ఉంటుందా అని కాపురానికి వచ్చిన కొత్తలో నేను నవ్వుకునేదాన్ని. ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు.

మా ఊరికి ఒక పక్క సముద్రం, ఒక పక్క పులికాట్ నీళ్ళు. మధ్యలో సన్నటి ఇసక నేల, దాని మీద మా గుడిసెలు. పైరు లేదు, పాడి లేదు. ఉన్నదల్లా మొగ. సముద్రపు నీళ్ళు సరస్సులోకి వచ్చిపోయే దారిని మేం మొగ అంటాం. వానలు వెనకబట్టాక రొయ్య ఆ దారినే పోతుంది. ఆ కొద్ది నెలలు మొగలో గుంజలు పాతి వల కట్టినవాడి ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి వెలుగుతుంది. కట్టలేనివాడి సంగతి చెప్పక్కర్లేదు.

అందరూ ఒకేసారి వల కట్టడానికి మొగ చాలదు. అందుకని వంతులు. ఇంటికొక బెండు ముక్క ఉంటుంది, వలకు కట్టే బెండే, దాని మీద ఆ ఇంటి గుర్తు చెక్కి ఉంటుంది. మాది రెండు అడ్డగాట్లు. కార్తీకం వెళ్ళిన మర్నాడు బెండ్లన్నీ ఒక కుండలో వేసి, గుడ్డ కప్పి, శూలమ్మ ముందు పెడతారు. అమ్మవారి పూనకం వచ్చే ఆడమనిషి తల తిప్పుకుని ఒక్కొక్క బెండూ తీస్తుంది. ముందు ఎవరి బెండు వస్తే వాళ్ళది మొదటి వంతు. రొయ్య రోజులన్నాళ్ళూ బెండు ఆ ఇంటి చూరులో ఉంటుంది, అవి అయిపోయాక మళ్ళీ కుండలోకి చేరుతుంది. ఆ ఆడమనిషి మా అత్త. మొదటి వంతు మా ఇంటికి మాత్రం మా మామ పోయింది మొదలు ఒక్కసారీ రాలేదు. సొంత కొడుక్కి వంతు తీసుకోలేని గణాచారి అని ఊళ్ళో ఎగతాళి చేసేవాళ్ళు, మా అత్త కూడా వాళ్ళతో కలిసి నవ్వేది.

నా పుట్టిల్లు దక్షిణాన, మొగ దాటి ఒక పూట నడక. అవతలి జిల్లా. రాష్ట్రాలు విడిపోయాక పాత జిల్లా గీతే రాష్ట్రాల గీత అయి కూర్చుంది. నా మొగుడికి అదొక ఆట అయింది. పులుసులో ఉప్పు తక్కువైతే పై రాష్ట్రం వంట అనేవాడు, నేను అలిగితే పై రాష్ట్రంతో తగాదా మనకెందుకు అనేవాడు. గీత అనేది అప్పట్లో మా ఇంట్లో నవ్వుకోవడానికి పనికొచ్చే వస్తువు. నీళ్ళలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎవరి మొగ వాళ్ళకు పెద్దల నాటినుంచీ తెలుసు.

ఇక శూలమ్మ కదిలిన కథ. ఆ రాయి మొదట దిబ్బ మీద లేదు. మొగ పక్కనే, ఇంకా కొంచెం దక్షిణంగా, నేల మొనలో ఉండేది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక గాలివానకు సముద్రం ఆ మొనను తినడం మొదలుపెట్టింది. రాయి ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు ఈ ఊరి గణాచారికి, అంటే తర్వాత నాకు అత్త అయిన మనిషికి, పూనకం వచ్చి ‘నా కాళ్ళు తడుస్తా ఉండాయిరా’ అని ఏడ్చింది. రెండూళ్ళవాళ్ళూ కూడారు. మా పుట్టింటి ఊరి డప్పులు తీసుకొచ్చింది మా నాయనే. రాయిని తవ్వి, కొత్త చాపలో చుట్టి, తెడ్ల మీద మోసుకుని అరమైలు పైన ఉత్తరంగా తెచ్చి దిబ్బ మీద నిలబెట్టారు. నేను మా నాయన భుజం మీద కూర్చుని చూశాను. మా అత్త తడి జుట్టు విరబోసుకుని రాయి ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ వచ్చింది, అమ్మకు వీపు చూపించకూడదని.

అమ్మవారిని కదిలించాక ఒక కట్టుబాటుంది. వదిలేసిన గద్దె పేరు మళ్ళీ ఎత్తకూడదు. ఎత్తితే అమ్మకు పాత చోటు గుర్తొచ్చి, అక్కడికీ ఇక్కడికీ తిరుగుతుంది, దారిలో ఉన్న ఇళ్ళలో పిల్లలకు అమ్మ పోస్తుంది. ఎవరడిగినా అమ్మ మొదటినుంచీ ఇక్కడే ఉందనాలి. అది అబద్ధం కింద లెక్క కాదు. అలా అనడమే భక్తి. పదేళ్ళు తిరిగేసరికి అలా అంటున్నవాళ్ళలో సగం మందికి అది నిజమే అయిపోయింది.

అరవయ్యో సంవత్సరం అటూ ఇటూగా, ఒక ఎండాకాలం సర్వేయరు గారు వచ్చారు. మూడు కాళ్ళ యంత్రం, గొలుసు, నలుగురు మనుషులు. రాష్ట్రాల గీత మీద పాత రాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, లేనిచోట కొత్తవి నాటాలట. ఆయన చెడ్డవాడని నేననను. ఎండలో మాడిపోతూ, మేం ఇచ్చిన గంజి తాగుతూ, మర్యాదగానే మాట్లాడాడు. పాత పటంలో ఉన్న రాళ్ళలో కొన్ని సముద్రం మింగింది, కొన్ని ఇసక మింగింది. దొరికింది ఒక్కటే, మా శూలమ్మ. పటంలో రాయి నేల మొన దగ్గర ఉంది. మొన ఏటికేడూ జరుగుతూ ఉంటుంది గనక, పటం చూసి ఏమీ తేల్చలేనని ఆయనే అన్నాడు. అందుకే పెద్దవాళ్ళను పిలిచి అడిగాడు, ఈ రాయిని ఎప్పుడైనా ఎవరైనా కదిలించారా అని.

మా వాళ్ళకు ఏమర్థమైందో నాకు తెలుసు. రోడ్డు కోసమో దేనికోసమో అమ్మవారిని పీకేయడానికి వచ్చారని అర్థమైంది. ఈ మధ్య నిలబెట్టిన దేవత అయితే తీసేస్తారు, తాతలనాటి దేవత అయితే తీయరు. అంతకంటే ఎక్కువ ఆలోచించే అవసరం మా ఊళ్ళో ఎవరికీ ఏనాడూ రాలేదు. అందరూ ఒక్క గొంతుతో అమ్మ అనాదిగా ఇక్కడే ఉందన్నారు. ఆయన మళ్ళీ అడిగాడు. మా అత్త అరచేతిలో కర్పూరం వెలిగించుకుని రాయి ముందు నిలబడింది.

“అమ్మను కదిలించే మొనగాడు ఇంకా పుట్టలేదయ్యా,” అంది. “నేను పుట్టకముందు నుంచీ ఆమె ఈడనే ఉండాది.”

కర్పూరం ఆరేదాకా చెయ్యి కదపలేదు. ఆయన కాగితం మీద రాసుకుని, పెద్దలందరి చేతా వేలిముద్రలు వేయించుకున్నాడు. ఆ రాత్రి మా అత్త చేతికి ఆముదం రాస్తూ నేను నవ్వాను, సర్కారును గెలిచావు అత్తా అన్నాను. గెలిచానని తనూ అనుకుంది. ఊళ్ళో ఆ మర్నాడు శూలమ్మకు పొంగలి పెట్టారు.

వానలు వచ్చాయి, కార్తీకం వెళ్ళింది. ఆ ఏడు మా బెండు నాలుగోది వచ్చింది. మొదటి వంతువాళ్ళు గుంజలు పాతిన మూడోనాడు అవతలి నుంచి పడవలో మనుషులు వచ్చి ఆ గుంజలు పీకేశారు. గీత శూలమ్మ నుంచి పోతుందట. శూలమ్మకు దక్షిణాన ఉన్నదంతా ఆ రాష్ట్రానిదట. మొగను అవతలి ఊరికి, అంటే మా పుట్టింటి ఊరికి, రాసిచ్చేశారట. మా మగవాళ్ళు పోట్లాటకు పోయి తలలు పగలగొట్టించుకుని వచ్చారు. దెబ్బ మానడానికి పసుపు కోసం శూలమ్మ దగ్గరికే పోయారు. మేం మా చేతులతో మోసుకొచ్చిన రాయి మా మొగను తీసుకెళ్ళి వాళ్ళకిచ్చిందని అప్పుడు గానీ మాకు తలకెక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, మా అత్త విషయంలో చెయ్యి కాలిన మాట కూడా నిజమే.

ఇప్పుడు నిజం చెప్పాలంటే వదిలేసిన గద్దె పేరెత్తాలి. ఊళ్ళో ఎవరూ నోరు తెరవలేదు. పెద్దలు నేల చూపులు చూశారు. పసిపిల్లలున్న తల్లులు వద్దని ఏడ్చారు. మా ఇంట్లోనూ ఇద్దరు పసివాళ్ళు. రెండు రోజులు మా అత్త అన్నం ముట్టలేదు. మూడోనాడు కొడుకుని పిలిచి, పడవ తియ్యి, నాయుడుపేటలో ఆఫీసరుండాడంట, నేను పోతాను అంది.

మేం ముగ్గురం పోయాం. పడవ దిగి, నడిచి, బస్సెక్కి, మధ్యాహ్నం దాకా గుమ్మం బయట కూర్చున్నాం. లోపల ఆఫీసరు ముందు మా అత్త చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె నోటినుంచి ఆ మాట రావడానికి ఎంతసేపు పట్టిందంటే, ఆయన విసుక్కుని వేరే కాగితం చూసుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ ముందు మొగ కాడ ఉండింది, నేనే ఎత్తుకొచ్చినాను అని ఎట్టకేలకు చెప్పి, రెండు చెంపలూ వాయించుకుంది.

అప్పుడు కర్పూరం ముట్టించి చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా అని ఆయన అడిగాడు. రెండూ అబద్ధం కాదయ్యా అంది మా అత్త. ఆ జవాబు మాకు అర్థమవుతుంది. ఆయనకెలా అర్థమవుతుంది? ఒట్టు తీసి గట్టున పెట్టమంటారా అని నవ్వాడు. మీరు నష్టపోయారు గనక ఇప్పుడిలా అంటున్నారని ఎవరైనా అనుకుంటారన్నాడు. నేను తలుపు దగ్గర్నుంచే, రాయి మొగ దగ్గర ఉండడం నేనూ చూశానని గట్టిగా చెప్పాను. నువ్వు ఈమె కోడలివే కదమ్మా అన్నాడు. చివరికి జాలిపడ్డాడో, మమ్మల్ని వదిలించుకోవాలనుకున్నాడో, ఒక దారి చూపించాడు. గీత వల్ల లాభపడిన అవతలి ఊరి పెద్దమనిషి ఎవరైనా వచ్చి రాయిని కదిలించిన మాట నిజమేనని చెప్తే మళ్ళీ కొలిపిస్తానన్నాడు.

బస్సులో మా అత్త నా వంక చూడలేదు. నా మొగుడూ చూడలేదు. ఇద్దరూ ఏమనుకుంటున్నారో నాకు తెలుస్తూనే ఉంది. అవతలి ఊరి పెద్దమనిషి అంటే మా నాయనే.

మర్నాడే ఒక్కదాన్నే పోయాను. మా నాయన నన్ను చూసి చాలా సంతోషించాడు. ఇంటి ముందు కొత్త వల ఆరబెట్టి ఉంది. పిల్లలను తీసుకురాలేదేం పాపా అన్నాడు. చేపల పులుసు కాగుతోంది. నేను కూర్చోకుండానే వచ్చిన పని చెప్పాను. నాయుడుపేట దాకా వచ్చి ఒక్క మాట చెప్పమన్నాను. ఆ రోజు డప్పులు తెచ్చింది నువ్వే, నన్ను భుజం మీద ఎక్కించుకుంది నువ్వే అన్నాను.

ఆయన వల చివర పట్టుకుని ఒక్కొక్క ముడీ తడిమాడు.

“వదిలిన గద్దె పేరు ఎత్తగూడదు గదా తల్లీ,” అన్నాడు. “నాకూ మనవళ్ళుండారు.”

“ఆ మనవళ్ళు నా బిడ్డలే నాయనా.”

“వాళ్ళకు ఈ ఇంట్లో కూటికి తక్కువుండదు. నీ మొగుణ్ణి గూడా రమ్మను. నా వలకు మనుషులు గావాల.”

ఆయన అబద్ధమాడలేదు. కట్టుబాటు తప్పలేదు. దేవుడి మాటే చెప్పాడు, కన్నకూతురి కంచం లాక్కోవడానికి. నాకు ఆ క్షణం ఆయన మీద వచ్చిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా పోలేదు. పులుసు తిని పొమ్మని మా అమ్మ చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని వచ్చేశాను. అడకత్తెరలో పోకచెక్కకైనా రెండు పక్కలా ఇనుమే ఉంటుంది. నాకు ఒక పక్క కన్నవాళ్ళు, ఒక పక్క కట్టుకున్నవాళ్ళు.

తిరిగి వచ్చేటప్పుడు మొగ దగ్గర ఆగి, రాయి మునుపు ఉన్న చోటు వెతికాను. గుంట ఏమైనా మిగిలి ఉంటుందేమోనని ఆశ. నీళ్ళు, నురుగు, ఇసక. ఇక్కడే అని కాలితో చూపించడానికి కూడా లేదు. నా కళ్ళతో చూసిన చోటు నాకే దొరకలేదు. అక్కడ కూర్చుని ఏడ్చాను. ఏడుపు ఆగాక లేచి ఇంటికి పోయి, రాను అన్నాడని చెప్పాను. మా అత్త తలూపి, పిల్లలకు గంజి పోయడానికి లేచింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత మా అత్త శిక్ష కోసం ఎదురుచూసింది. గద్దె పేరెత్తింది గదా, అమ్మ ఊరుకోదు. పొద్దున లేవగానే పిల్లల నుదుళ్ళు తాకి చూసేది. ఒంటి మీద చెమటకాయ కనబడితే వేపాకు కోసం పరిగెత్తేది. ఊళ్ళో తల్లులు ఆమె కనబడితే తలుపులు మూసుకునేవాళ్ళు. చలికాలం వెళ్ళింది, ఎండలు వచ్చాయి, ఒక్క బిడ్డకు కూడా ఏమీ కాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా అత్త మాత్రం రోజురోజుకీ కుంగిపోయింది. ఒకరోజు బియ్యం ఏరుతూ ఏరుతూ ఆపేసి చెప్పింది.

“కోపం గూడా రాలేదంటే అమ్మ ఈడ లేదు మే. ఆ మొగ కాడనే దిగిపోయినట్టుండాది. మనం మోసుకొచ్చింది ఉత్త రాయిని.”

ఓదార్చాలని నోరు తెరిచాను. ఏం చెప్పి ఓదార్చేది? నేను మొదట్నుంచీ దాన్ని రాయనే అనుకున్నదాన్ని. ఆమె కూడా అలా అనుకున్న రోజు మాత్రం నాకు ఏదో ఇల్లు కూలినట్టనిపించింది. ఆ వేసవిలోనే సర్వేయరు గారి మనుషులు మళ్ళీ వచ్చి, శూలమ్మ నుంచి నీళ్ళ దాకా వరసగా కొత్త సిమెంటు రాళ్ళు నాటి వెళ్ళారు. వాటికి ఎవరూ పసుపు పూయలేదు.

సముద్రం మీద పోదామంటే మా దగ్గర ఉన్నవి సరస్సు పడవలు. అలలకు ఆగవు. కొన్ని ఇళ్ళవాళ్ళు మనుబోలు వైపు నాట్లకూ కోతలకూ పోయారు. చేపలు పట్టే చేతులకు కొడవలి పట్టడం రాక సగం కూలికే పనిచేశారు. మా ఇంట్లో అమ్మడానికి ఉన్నది వల. అది అమ్మనని నా మొగుడు భీష్మించుకున్నాడు. వల మిగిలింది, తిండి మిగల్లేదు. వానలు వెనకబట్టే రోజులు మళ్ళీ వచ్చేసరికి, ఒక తెల్లవారుజామున నాతో చెప్పకుండా లేచి దక్షిణంగా నడిచిపోయాడు. మా నాయన వలకు కూలిగా చేరాడు. ఆ మొగలోనే, తన తాతలు గుంజలు పాతిన నీళ్ళలోనే, మామ చేతికింద తాడు లాగాడు. పై రాష్ట్రం ఎగతాళి ఆ రోజునుంచీ మా ఇంట్లో వినబడలేదు. అతని వెనకే మిగతా మగవాళ్ళూ పోయారు.

కార్తీకం వెళ్ళిన మర్నాడు నేను వాకిలి ఊడుస్తున్నాను. మా అత్త తల స్నానం చేసి, తడి చీరతోనే, అటక మీది బెండ్ల కుండ దింపుకుని దిబ్బ వైపు పోతోంది. మతి చెడిందేమోనని భయపడి వెనకాలే పరిగెత్తాను. దిబ్బ మీద ఎవరూ లేరు. ప్రతి ఏడూ ఊరంతా తొక్కిసలాడే చోటు. రాయి మీద పసుపు ఎండి పెచ్చులూడుతోంది. ఆమె కుండ కింద పెట్టి, గుడ్డ కప్పి, తల పక్కకు తిప్పుకుంది. ఇది ఉత్త రాయని నాతో చెప్పిన మనిషే. లోపల చెయ్యి పెట్టి కలిపి, ఒక బెండు తీసి నా చేతికిచ్చింది, కళ్ళు సరిగా ఆనవు గనక ఎవరిదో చూడమని.

రెండు అడ్డగాట్లు.

బెండు వెలుగుకు తిప్పి మళ్ళీ చూశాను. ఎవరిదే అని రెట్టించి అడిగింది. మనదే అత్తా అన్నాను. నమ్మలేక బెండు తీసుకుని బొటనవేలితో గాట్లు తడుముకుంది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

“మొదటి వంతు,” అంది. “వాడికి చెప్పు. గుంజలు సిద్ధం జేసుకోమను.”

దిబ్బ మీంచి మొగ కనబడుతుంది. వరసగా మనుషులు తాడు పట్టి లాగుతున్నారు. అందులో నా మొగుడు ఎవరో అంత దూరం నుంచి గుర్తుపట్టలేకపోయాను. మిగతా బెండ్లు తీయకుండానే మా అత్త లేచింది. కుండ నేను మోసుకొచ్చాను.

పొద్దుగూకాక అతను వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే బెండు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరు తీశారని అడిగాడు. అత్త తీసిందని, మొదటిదే వచ్చిందని చెప్పాను. లోపల మా అత్త మెలకువగానే ఉంది, వింటోంది. అతను బెండును చూరులో, ఎప్పుడూ పెట్టే చోట దోపి, వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. నేను అన్నం పెట్టాను. ఆ పూట కూర, మా నాయన కూలి కింద ఇచ్చిన రొయ్యలు.